సున్నా మడి

సుజన నాతో అన్న మొదటి మాట, "బకెట్ కింద పెట్టు."

అప్పుడు నేను ముత్తెన్న పటేల్ పొలం గట్టు మీద, మోకాళ్ల దాకా బురదతో, చేతిలో సగం ఖాళీ అయిన యూరియా బకెట్‌తో నిలబడి ఉన్నాను. మూడు రోజులుగా ముసురు. ఊరంతా ముఖం వేలాడేసుకుని ఉంటే నా ముఖం మీద మాత్రం చిరునవ్వు ఉంది, పుణ్యం చేసినవాడి చిరునవ్వు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

"ఏం చల్లినవ్?"

"యూరియా, మేడం."

"ఏ మడిల?"

"గీ మూడింట్ల. పసుపెక్కి పాలిపోయినయ్ కద. మీ కూలోళ్లు చల్లుడు మర్చిపోయినట్టున్నరు."

ఆమె గొడుగు మూసేసింది. వానలో గొడుగు ఎందుకు మూసిందో నాకు అర్థం కాలేదు. తడి గట్టు మీద అలాగే కూర్చుండిపోయి, ఆ మూడు మడులను, కళ్లముందే వెళ్లిపోయిన బస్సును చూసినట్టు చూసింది.

"వాళ్లు మర్చిపోలే. నేనే వద్దన్న," అంది చివరికి.

"ఎందుకట్ల?"

"అవి పస్తుండాలె. యూరియా అసలే లేకుంటే ఎంత పండుతదో తెలిస్తేనే, ఏసిన మడిల ఎంత కలిసొచ్చిందో తెలుస్తది. అవి సున్నా మడులు. నా రీసెర్చ్ మొత్తం గా మూడింటి మీదనే నిలబడ్డది. నీ పేరేంది?"

"నగేశ్. బక్కమ్మ కొడుకును."

"నగేశ్, నువ్వు నా పంటకాలం మొత్తం ముంచినవ్."

అరిచి ఉంటే బాగుండేది. తిట్లు నాకు కొత్త కాదు. నాకున్నది ఒక ట్రాలీ ఆటో. బాన్సువాడ నుంచి పెద్ద కొడప్‌గల్ దాకా ఎరువు బస్తాలు, విత్తనాలు, పెళ్లి సామాన్లు మోస్తాను. మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న మద్నూర్ దాకా కిరాయి దొరికితే లారీ డ్రైవర్లతో మరాఠీలో కూడా తిట్టించుకుని వస్తాను. కానీ ఆ మెల్లని మాట తగిలినట్టు ఏ తిట్టూ తగల్లేదు.

ఆ యూరియా ఊరికే వచ్చింది కాదు. ఆ వానాకాలం యూరియా కోసం ఎక్కడ చూసినా లైన్లే. బాన్సువాడలో నా చెప్పులు తెల్లారక ముందే లైన్లో నిలబడ్డాయి, నేను వాటి వెనక గోడకు ఆనుకుని కునికాను. మధ్యాహ్నానికి చేతికొచ్చింది ఒకే బస్తా. దాన్ని మా ఎకరం పది గుంటలకు, అంటే ఎకరంపావుకు, చల్లాలి. అందులోంచి ఒక బకెట్ తీసి పటేల్ గారి అమ్మాయి మడుల్లో చల్లానంటే అది ఉత్త జాలి కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

మూడు వారాలుగా ఆ దారిన పోతూ ఆమెను చూస్తున్నాను. నీలం రెయిన్‌కోటు వేసుకుని, పచ్చ రంగు గళ్లున్న ఒక ప్లాస్టిక్ పట్టీని వరి ఆకు పక్కన పెట్టి, డాక్టరు నాలుక చూసినంత శ్రద్ధగా రంగు చూసి నోట్‌బుక్‌లో రాసుకునేది. అక్కడికి రాగానే నా ఆటో నెమ్మదించేది. గుంతలున్నాయని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆ ముక్కలో గుంతలే లేవు.

అలా చూస్తూ ఆమె మొక్కల ఆకలి తీర్చాననుకున్నాను. ఆమె చేతిలో అన్నం తీసి పారేశానని తెలియలేదు.

*

ముత్తెన్న పటేల్‌ది మా ఊళ్లో పేరున్న వ్యవసాయం. నస్రుల్లాబాద్ దారిలో రోడ్డుకు ఆనుకుని పదెకరాల వరి, రెండెకరాల చెరుకు. మా అవ్వ బక్కమ్మ చిన్నప్పటి నుంచి ఆ పొలంలోనే నాట్లు వేసింది. సుజన ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆరో తరగతికే హాస్టల్‌కి వెళ్లిపోయింది. రైతుల కోటాలో సీటు తెచ్చుకుని హైదరాబాద్‌లో వ్యవసాయం చదివింది, ఆ పైన ఎమ్మెస్సీ.

వరి మీద పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థ మడగాస్కర్‌లో చిన్న రైతులతో కలిసి పనిచేయడానికి మనుషుల్ని తీసుకుంటోంది. మూడేళ్ల పని. దరఖాస్తుతో పాటు, రైతు పొలంలో సొంతంగా చేసిన ప్రయోగం రిపోర్టు ఉండాలి. తక్కువ యూరియాతో, ఆకు రంగు చూసి, అడిగినప్పుడే వేసి పంట తీయడం ఆమె ప్రయోగం. అక్టోబరు గడువు నా బకెట్‌లో మునిగిపోయింది. ఇంకొక్క గడువు ఉంది, మే నెలాఖరు. అది కూడా పోతే ఆ ఉద్యోగం ఉండదు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందు తెలిసింది ఒక్కటే, ముత్తెన్న పటేల్ ఇక పొలం ఇవ్వనన్నారని.

"రోడ్డు పక్కన పొలం," అన్నారట ఆయన. "వచ్చేటోళ్లు పోయేటోళ్లు నవ్వుతున్నరు. ముత్తెన్నకు యూరియా కొన శక్తి లేదా అంటున్నరు. ఇంకోపాలి నా పొలాన్ని పస్తు పెట్టలేను బిడ్డా."

దసరా వెళ్లాక ఒక సాయంత్రం కాలువ వంతెన మీద ఆమె ఒక్కతే నిలబడి ఉంది. ఆటో ఆపాను. ఈసారి గుంతల సాకు చెప్పుకోలేదు.

"మేడం, నా పొలంల చెయ్యి."

"మేడం అనకు. నాకు ఒళ్లు మండుతది. ఎంతుంది నీకు?"

"ఎకరం పది గుంటలు. పది గుంటలు నీకు."

"పంట తగ్గుతది."

"తగ్గనియ్."

"నీకేం లాభం?"

"నేను చేసిన పాపం కడుక్కుంట."

ఆమె వంతెన మీంచి నీళ్లలోకి చూసింది. నిజాంసాగర్ నీళ్లు ఎర్రగా, మాటా పలుకూ లేకుండా పోతున్నాయి.

"మళ్ల జాలిపడి యూరియా చల్లితే?"

"నా చెయ్యి నేనే కట్టేసుకుంట."

"రాసియ్యి."

నవ్వులాటకు అందనుకున్నాను. నోట్‌బుక్‌లో కాగితం చింపి పెన్ను చేతిలో పెట్టింది. వంతెన గోడ మీద పెట్టుకుని రాశాను. బక్కమ్మ కొడుకు నగేశ్ అను నేను సున్నా మడిలో ఉప్పు పలుకంత యూరియా కూడా వెయ్యను. కింద సంతకం. ఆమె రెండుసార్లు చదివి, మడిచి, ఫైల్లో పెట్టుకుంది.

"అక్షరాలు బాగున్నయ్," అంది. "పని గూడ గంత మంచిగుంటే బాగుండు."

*

జనవరి మంచులో నాట్లు పడ్డాయి. పది గుంటల్లో పన్నెండు చిన్న మడులు, యూరియా వేసే తీరులో నాలుగు రకాలు, రకానికి మూడు. మడికీ మడికీ మధ్య గట్టు వేసి, ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి పోకుండా ప్లాస్టిక్ కవరు పాతాం. ఆ గట్లు మొత్తం నేనే వేశాను. నడుం విరిగింది. నా జన్మలో అంత సంతోషంగా నడుం విరగ్గొట్టుకోలేదు.

రోజూ పొద్దున ఆమె స్కూటీ మీద వచ్చేది. నేను కిరాయికి పోయే ముందు ఒక గంట అక్కడే ఉండేవాణ్ణి. ఆమె పట్టీ మీది రంగు నంబరు చెప్పేది, నేను రాసేవాణ్ణి.

"ఏడో మడి, మూడు."

"మూడు."

"ఎనిమిది, నాలుగు."

"నాలుగు. గా పట్టీ నా చేతికి పెట్టి చూడు, నాకెంత యూరియా కావాల్నో."

నిజంగానే నా ముంజేతికి ఆనించి చూసింది. "నీ రంగు ఇందుల లేదు. గీ పట్టీ తయారు చేసినోళ్లు నిన్ను లెక్కల వెట్టుకోలే."

"నన్ను ఎవలు లెక్కల వెట్టుకున్నరు గనక."

ఊరికే అన్నాను. ఆమె పట్టీ తీసేసి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నేను మోయగల బరువు కాదు. గబగబా తొమ్మిదో మడి దగ్గరికి నడిచాను.

ఫిబ్రవరికి సున్నా మడులు రంగు తిరిగాయి. చుట్టూ నల్లని పచ్చదనం, మధ్యలో మూడు చోట్ల పసుపు. మా అవ్వ అటు పోవడమే మానేసింది. పొలం చివరికి వెళ్లాలంటే పక్కవాళ్ల గట్టు చుట్టి పోయేది.

"కడుపు మాడ్చి సూస్తున్నరు మీరిద్దరు," అంది ఒకరోజు సుజనతో. "నా కడుపుల చెయ్యి వెట్టి దేవినట్టైతున్నది బిడ్డా. ఇంట్ల పిల్లగానికి బువ్వ వెట్టక, పక్కపొంటి పిల్లలకు వెట్టినట్టున్నది."

సుజన నవ్వలేదు. అవ్వ పక్కన గట్టు మీద కూర్చుంది.

"మా పొలం కాలువకు ఆఖర్ల ఉంటది కద, అవ్వా. చిన్నప్పుడు సెలవులకు వస్తే బాపు నా చేతికి పార ఇచ్చి ఆఖరి మడికాడ నిలవెట్టేటోడు. పైనోళ్లు అందరు వాడుకున్నంక మాకు వచ్చేవి చారెడు నీళ్లు. గా చారెడు నీళ్లతోని మడి తడపాలె. ఎట్లనో తడిపేదాన్ని."

"యాదికున్నది. మోకాళ్ల మీదికి గౌను ఎగ్గట్టుకొని నిలవడేటిదానివి."

"నేను పోయే దేశంల అందరిదీ ఆఖరి మడే అంటరు మా సార్. ఎరువు దొరకదు, దొరికినా కొన చేతగాదు. ఉన్న గుప్పెడు ఎప్పుడు ఎయ్యాల్నో చెప్పేటోళ్లు కావాలె. నాకు వచ్చిన పని గదొక్కటే."

అవ్వ ఆ దేశం ఎక్కడుందని అడిగింది. సముద్రం అవతల అని చెప్పింది సుజన. అవ్వ నా వైపు చూసింది. కన్నతల్లికి పట్టీలు అక్కర్లేదు, కొడుకు ముఖం రంగు చూస్తే చాలు.

*

మార్చి మొదటి వారంలో సుజన ఫోన్ ఇంటర్వ్యూ అయిపోయింది. మర్నాడు పొలానికి పరుగున వచ్చి చెప్పింది.

"ఓకే అన్నరు, నగేశ్. ఇగ రిపోర్ట్ ఒక్కటే. పంట కోసి, తూకం ఏసి పంపుడే. జూన్‌ల పోవుడు."

"మంచిగైంది," అన్నాను.

"గంతేనా?"

"మస్తు మంచిగైంది."

ఆమె ముఖంలో ఏదో ఆరిపోయింది. నా లోపల ఏం ఆరిపోయిందో చూసుకునే తీరిక ఇవ్వకుండా ఆటో స్టార్ట్ చేశాను.

అదే వారం ముత్తెన్న పటేల్ కాలువ దారిలో నా ఆటో ఆపారు. మంచి మనిషి. గొంతు ఎప్పుడూ పెంచరు.

"నగేశూ, నా బిడ్డ పని నువ్వు నెత్తిన వెట్టుకొని చేస్తున్నవ్. నేను చూస్తనే ఉన్న."

"గదేముంది పటేలా."

"ఊళ్లె ఒకలిద్దరు ఏదో అన్నరు. నేను పట్టించుకోలే. గని ఒకటి చెప్తున్న. ఆమె పోవాలె. పోతేనే ఆమెకు మంచిది." దారి ఇస్తూ పక్కకు జరిగారు. "నీకు గూడ."

అవమానించలేదు. బెదిరించలేదు. ఆయన పొలంలో మా అవ్వ వంగి నాటు వేస్తుంటే గట్టు మీద ఆడుకుంటూ పెరిగిన వాణ్ణి. ఆయన కూతురి గురించి ఆయనతో మాట్లాడే భాష నాకు ఎవరూ నేర్పలేదు.

రెండు రోజుల తర్వాత సుజన కాలేజీ పని మీద హైదరాబాద్ వెళ్లింది. మర్నాడు వస్తానంది. ఆ సాయంత్రం నా మిగతా ఎకరానికి రెండో విడత యూరియా చల్లాలి. కూలి మనుషులు దొరకలేదు. అవ్వకు జ్వరం. నేనొక్కణ్ణే పొలానికి వెళ్లాను. మబ్బు పట్టి ఉంది. కొంగలు కూడా లేవు.

చల్లుకుంటూ చల్లుకుంటూ సున్నా మడి దగ్గరికి వచ్చాను.

బకెట్ అడుగున కొంచెం మిగిలింది. ఒక్క గుప్పెడు చాలు. వారం తిరక్కముందే ఆకు రంగు మారుతుంది. ఆమె పట్టీ పెట్టగానే తెలిసిపోతుంది. ఎవరికీ తెలియకుండా దాచిపెట్టే మనిషి కాదు, తన చేత్తోనే రిపోర్టు కొట్టేసుకుంటుంది. మే గడువు పోతుంది. ఆమె ఇక్కడే, బాన్సువాడ చుట్టుపక్కలే, ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోతుంది. నా మీద కోపంగానైనా సరే, ఉంటుంది. అవ్వ జాలిపడి వేసిందని చెప్పొచ్చు. జ్వరంలో ఉన్న అవ్వ మీదికి నెట్టేయాలన్న ఆలోచన కూడా వచ్చింది నాకు. దాచుకోను.

గుప్పెడు తీశాను. యూరియా పలుకులు తడి చేతికి చల్లగా అంటుకున్నాయి. చెయ్యి లేపాను.

పసుపు మొక్కలు గాలికి ఊగుతున్నాయి. రెండు నెలలుగా ఏమీ అడగకుండా, పెట్టకపోయినా బతుకుతున్నాయి. వాటి ఆకలంతా ఆమె చదువు కోసం. ఇప్పుడు నేను వేసే గుప్పెడు నా కోసం. మొదటిసారి తెలియక చేశాను కాబట్టి నిద్రపట్టింది. ఈసారి తెలిసి చేస్తే ఇక ఆ నీలం రెయిన్‌కోటు వైపు చూసే కళ్లు నాకుండవు.

గుప్పెడు తిరిగి బకెట్‌లో వేసేశాను. కాలువ దాకా నడిచి చేతులు కడుక్కున్నాను. ఒకసారి కడిగితే చాలనిపించక మళ్లీ కడిగాను. ఏడ్చాను కూడా.

మర్నాడు పొద్దున సుజన వచ్చింది. సున్నా మడుల ముందు చాలాసేపు నిలబడింది. "పదో మడి, రెండు," అంది. నేను రాసుకున్నాను.

*

ఏప్రిల్ చివర్లో, కోత మొదలుపెట్టిన రోజే వాన దిగింది.

మిషన్ పెడితే పన్నెండు మడుల ధాన్యం ఒకటైపోతుంది. అందుకే కొడవళ్లతో కోశాం. నేను, సుజన, అవ్వ, ఇద్దరు కూలి మనుషులు. కోసిన ప్రతి మోపుకీ నంబరు చీటీ కట్టాం. తొమ్మిదో మడి దగ్గర ఉండగా ఉరుము. మిగతా మూడూ గబగబా కోసేసి, నేను ట్రాలీ మీద టార్పాలిన్ కట్టి, మోపులన్నీ మా ఇంటికి చేర్చేసరికి ఊరి పొలాలన్నీ పడుకుండిపోయాయి. రోడ్డు మీద ఆరబోసిన వాళ్ల వడ్లు నీళ్లలో కొట్టుకుపోతుంటే ఆడవాళ్లు చేటలతో ఎత్తుకుంటున్నారు. మా అవ్వ కూడా ఏడుస్తూ వాళ్లకు సాయం పోయింది. మా పన్నెండు మోపులు తడవనందుకు సంతోషించాలంటే కూడా సిగ్గేసింది.

మాకున్నవి రెండు గదులు. వాటిలో, ఏ మోపుకామోపు కొట్టి పోసిన పన్నెండు వడ్ల కుప్పలు. నాలుగు రోజులు వాన వదల్లేదు. వంట వాకిట్లో, కాళ్లు ఎక్కడ పెట్టాలన్నా నంబరు చూసుకోవాలి. సుజన పొద్దున వచ్చి వడ్లు తిరగేసేది, సాయంత్రం వాళ్లమ్మ అరుణమ్మ గారు ఫోన్ చేసి పిలిస్తే గానీ వెళ్లేది కాదు.

ఒకరోజు మా కోడి మూడో కుప్పలో రెండుసార్లు పొడిచింది.

"రాస్కో," అంది సుజన. "మూడో మడి, కోడి తిన్నది, సుమారు ఇరవై గింజలు."

"గది గూడ రాయాల్నా?"

"నిజం ఎంతున్నా రాయాలె."

రాశాను. ఆమె ఫక్కున నవ్వింది. బయట వాన, చూరు నుంచి నీళ్లు, గది నిండా పచ్చి వడ్ల వాసన. ఆ నవ్వు మా ఇంట్లో ఇంకో నాలుగు రోజులే ఉంటుందని నాకు తెలుసు. తెలిసి కూడా కలిసి నవ్వాను.

ఎండ వచ్చాక ఆరబెట్టి తూకం వేశాం. ఆకు రంగు చూసి వేసిన మడుల్లో, మూడో వంతు యూరియా తగ్గినా పంట దాదాపు తగ్గలేదు. సున్నా మడుల్లో సగమే వచ్చింది. ఆ సగం చూసి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది? తక్కువొచ్చిందా?"

"కాదు. ఎంత రావాల్నో గంతే వచ్చింది."

మే నెల మధ్యలో రిపోర్టు వెళ్లింది. నెలాఖరుకి ఉత్తరం వచ్చింది. మడగాస్కర్, మూడేళ్లు.

*

జూన్‌లో, తొలకరి పడుతున్న రోజు, బాన్సువాడ బస్టాండుకు ఆమె సామాను నా ఆటోలోనే వచ్చింది. అరుణమ్మ గారు ఏడుపు ఆపుకోలేక ఇంట్లోనే ఉండిపోయారు. ముత్తెన్న పటేల్ హైదరాబాద్ బస్సు సంగతి కనుక్కోవడానికి లోపలికి వెళ్లారు. నేను, ఆమె ఆటోలో. అద్దం మీద వాన గీతలు. వైపర్ ఒకటే పనిచేస్తుంది, అదీ నా వైపుది.

పొద్దున పయనమయ్యే ముందు ఆమె మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ అవ్వా అని పిలిచేది, గడప దగ్గర ఆగి, "పోయొస్త, అత్తమ్మా," అంది. అవ్వ ఆమె తల నిమిరింది. అదే నాకు ధైర్యం ఇచ్చింది.

"సుజనా, నీకో మాట చెప్పాలె."

మేడం అనకపోవడం ఆమె గమనించింది.

"చెప్పు."

"మార్చిల నువ్వు హైదరాబాద్ పోయినప్పుడు, సున్నా మడికాడ నేను గుప్పెడు యూరియా చేతిల వట్టుకున్న."

"ఎందుకు?"

"నువ్వు పోవద్దని."

ఆమె తల తిప్పలేదు.

"ఎయ్యలే. గని ఎయ్యాలనుకున్న. గిది చెప్పకుంట నిన్ను సాగనంపితే నిజం దాచినట్టైతది. కోడి గింజలు రాయించినదానివి నువ్వు."

"నాకెరుక," అంది.

"ఏంది ఎరుక?"

"పని జల్ది అయిపోయిందని గానాడే మధ్యాహ్నం బస్సుకు ఎక్కిన. కాలువ వంతెనకాడ దిగి ముందుగల్ల పొలానికే వచ్చిన. మోటార్ గది పక్కపొంటి నిలవడ్డ. నీ చెయ్యి పైకి లేసుడు చూసిన."

"మరి పిలువలేదేంది?"

ఆమె అద్దం మీది ఆవిరి వేలితో తుడిచింది.

"పిలువబుద్ధి కాలే. సగం మనసు, ఎయ్యకుంటే బాగుండు అనుకున్నది. ఇంకో సగం, ఏస్తే బాగుండు అనుకున్నది. ఏస్తే నేను పోయే పని ఉండకపోవు. తప్పు నీదైతుండె. నేను నిన్ను తిట్టుకుంట ఈడనే ఉంటుంటి." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు ఏసి ఉంటే జన్మల నీ మొఖం చూడకపోతుంటి, నగేశ్. ఎయ్యలే. అందుకే ఇప్పుడు పోబుద్ధైతలేదు."

నేను చెయ్యి చాపాను. ఆమె పట్టుకుంది. ఆ చెయ్యి గట్లు వేసిన చెయ్యి, రంగు పట్టీలో లేని చెయ్యి. బస్సు వచ్చిందని పటేల్ పిలిచేదాకా వదల్లేదు.

"నీ పొలంల ఒక మూలకు సున్నా మడి పెట్టు," అంది దిగుతూ. "ప్రతి పంటకు, గదే జాగల. తూకం ఏసి నాకు పంపు."

"రీసెర్చ్ కోసమా?"

"రీసెర్చ్ కోసమే," అంది, కళ్లు తుడుచుకుంటూ.

బస్సు వెళ్లిపోయింది. ముత్తెన్న పటేల్ కాసేపు వానలో నిలబడి, ఊరికి పోయే ఇంకో బస్సు కోసం చూడకుండా, వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు. అద్దంలోంచి మా ఇద్దరి చేతుల్నీ చూశారో లేదో నాకు తెలియదు. ఊరు సగం దూరంలో ఉండగా అడిగారు.

"మూడేండ్లంటే ఎన్ని పంటలు రా?"

"ఆరు, పటేలా."

"ఆరు," అన్నారు. పొలాల వైపు చూస్తూ ఇంకోసారి, "ఆరు పంటలు. సూద్దాం తియ్యి," అన్నారు.

*

ఆగస్టులో ఆమె ఫోటో పంపింది. ఎర్ర మట్టి, చిన్న చిన్న మడులు, మధ్యలో ఒకటి ముదురు పచ్చగా. పక్కన గడ్డి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, పుణ్యం చేసినవాడి చిరునవ్వుతో.

ఫోటోతో పాటు పంపిన ఆమె వాయిస్ మెసేజ్ వినడానికి రోడ్డు పక్కన ఆటో ఆపాను.

"నా మొదటి సున్నా మడి, నగేశ్. ఈయన పసుపు రంగు చూసి ఆగలేకపోయిండు. ఇంట్లకెల్లి బుట్టెడు పేడ ఎరువు మోసుకొచ్చి ఏసిండు. పనంత పోయింది, మళ్ల మొదటికెల్లి చెయ్యాలె. గని ఈపాలి గూడ తిట్టలే. గట్టు మీద కూసొని ఏడ్చిన. నువ్వు రాసిచ్చిన కాగితం తీసి చూపించిన. ఆయనకు తెలుగు రాదు. ఏమర్థమైందో ఏమో, నా నెత్తి మీద చెయ్యి వెట్టిండు."

నాలుగుసార్లు విన్నాను. "పెద్దాయనకు నా దండం చెప్పు," అని మాత్రం పంపి పొలానికి వెళ్లాను.

మళ్లీ ముసురు. మా పొలం మూలన సున్నా మడి పసుపెక్కి ఉంది. ఎప్పుడూ పక్కవాళ్ల గట్టు చుట్టి పోయే అవ్వ ఆ మడిలోనే వంగి ఉంది. పరుగెత్తాను.

"అవ్వా, ఏం చేస్తున్నవ్ గండ్ల?"

అవ్వ తల ఎత్తింది. చేతిలో యూరియా లేదు, కలుపు గడ్డి ఉంది.

"ఎరువు ఎయ్యొద్దన్నది గని, గడ్డి పీకొద్దని అన్లేదు గదరా నా కోడలు."

నేను ప్యాంటు ఎగ్గట్టుకుని మడిలోకి దిగి ఆమె పక్కన వంగాను. మడి ఆ చివరిదాకా ఇద్దరం గడ్డి పీకాం.

"ఇంకెన్ని పంటలు గిట్ల?" అంది అవ్వ.

"ఇది మొదటిది, అవ్వా," అన్నాను.